తప్పు వేళ్లది కాదు... తీగల ఎత్తుది!

వేములపల్లిలో మా ఇంట్లో సజ్జ మీద ఒక గిటార్ ఆరేళ్లు పడుకుంది. బి.టెక్. రెండో ఏడాదిలో స్కాలర్‌షిప్ డబ్బులతో ఆన్‌లైన్‌లో కొన్నది. మూడు నెలలు కుస్తీ పట్టాను. వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి, తర్వాత చర్మం లేచిపోయింది. ఎఫ్ కార్డ్ మాత్రం ఒక్కసారి కూడా శుభ్రంగా పలకలేదు. నేర్పే ఆయన 'వేళ్లు గట్టిపడాలి, ప్రాక్టీస్ చెయ్' అన్నారు. చేశాను. చివరికి 'సంగీతం మన వల్ల కాదులే' అని గిటార్‌ను కవర్లో పెట్టి సజ్జ ఎక్కించాను.

పోయినేడు ఇంటర్ పరీక్షలు అయిపోగానే మా చిన్నమ్మ కొడుకు దాన్ని కిందికి దించాడు. పది రోజులకే నా దగ్గరికొచ్చి వేళ్లు చూపించాడు. "అన్నా, నాతోని అయితలేదే. తీగలు వేళ్లల్ల దిగుతున్నయ్. నాకు రాదేమో" అన్నాడు. "వేళ్లు గట్టిపడాలె తమ్మీ, ఓపిక పట్టు" అనబోయి ఆగిపోయాను. అదే మాట నమ్మి నేను వదిలేశాను కదా! ఈసారి వేళ్లను కాకుండా గిటార్‌ను చూద్దామనిపించింది. వాడి జామెట్రీ బాక్సులోంచి స్టీలు స్కేలు తీసి, తీగ కింద ఎంత ఖాళీ ఉందో కొలిచాను.

పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ కింద 4 మిల్లీమీటర్లు. లావు తీగ కింద నాలుగున్నర. స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్‌కు మామూలుగా ఉండాల్సింది సన్న తీగ కింద 1.6 నుంచి 2, లావు తీగ కింద దాదాపు రెండున్నర. అంటే మా గిటార్‌లో తీగలు ఉండాల్సిన దానికి రెట్టింపు ఎత్తులో ఉన్నాయి. ఆరేళ్ల కింద నేను ఓడిపోయింది సంగీతం చేతిలో కాదు, 2 మిల్లీమీటర్ల చేతిలో!

యాక్షన్ అంటే ఇదే

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు ఫ్రెట్లు. ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఉండే ఖాళీనే గిటారిస్టులు 'యాక్షన్' అంటారు. తీగ రెండు చోట్ల ఆనుకుని ఉంటుంది. మెడ చివర, ట్యూనింగ్ కీల దగ్గర ఉండే చీలికల పట్టీ నట్. కింద బ్రిడ్జ్‌లో కూర్చుని ఉండే తెల్లటి పట్టీ శాడిల్. ఈ రెండింటి ఎత్తు, మధ్యలో మెడకుండే సన్నటి వంపు... ఈ మూడూ కలిసి యాక్షన్‌ను తేలుస్తాయి.

ఆరు తీగలను శ్రుతిలో బిగిస్తే గిటార్ మీద పడే మొత్తం లాగుడు 70 కిలోలకు పైనే. రాత్రీ పగలూ అంత బరువు లాగుతుంటే మెడ కొద్దికొద్దిగా ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. దానికి తోడు మన వాతావరణం. వానాకాలం చెమ్మకు గిటార్ పైచెక్క ఉబ్బి శాడిల్‌ను పైకెత్తుతుంది. ఎండాకాలం ఆరిపోయి కిందికి దిగుతుంది. నల్గొండ ఎండల్లో కారులో వదిలేసిన గిటార్‌లో జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి షాపులో కొన్నరోజు బాగున్న గిటార్ ఏడాది తర్వాత కూడా అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఎత్తు రెట్టింపు... తప్పు నాలుగింతలు

ఎత్తు ఎక్కువైతే వేళ్లు నొప్పెడతాయని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటుంది. సరైన ఫ్రెట్ దగ్గరే నొక్కినా స్వరం తప్పుతుంది.

తీగను ఫ్రెట్ దాకా కిందికి నొక్కితే అది కొంచెం సాగుతుంది. సాగితే బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే స్వరం పైకి జరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన తీగల పాఠమే ఇది. పైథాగరస్ సూత్రం పెట్టి లెక్క వేస్తే, సాగుదల ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని తేలుతుంది. అంటే ఎత్తు రెట్టింపైతే స్వరం తప్పు నాలుగింతలు!

65 సెంటీమీటర్ల తీగ పొడవు ఉన్న గిటార్‌కు, సన్న తీగకు నేను వేసిన లెక్క ఇది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు 2 మి.మీ. ఉంటే నొక్కినప్పుడు స్వరం రెండు సెంట్లకు కొంచెం పైన పెరుగుతుంది. 4 మి.మీ. ఉంటే తొమ్మిది సెంట్లు. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెంటు. ఫోన్లో ట్యూనర్ యాప్ చూపించే అంకెలు ఇవే. చెవి పదును ఉన్నవాళ్లు అయిదారు సెంట్ల తేడాను కూడా పట్టేస్తారు. దీన్ని కొంత సరిచేయడానికే శాడిల్‌ను కొంచెం వెనక్కి, కాస్త ఏటవాలుగా పెడతారు. కానీ ఆ సవరణ మామూలు ఎత్తును లెక్కలో పెట్టుకుని చేసింది. ఎత్తు అతిగా ఉంటే అది సరిపోదు. పైగా ఒక్కో తీగ ఒక్కోలా తప్పుతుంది. అందుకే విడివిడిగా ట్యూన్ చేసిన ఆరు తీగలూ కార్డ్ పట్టగానే ఒకదానితో ఒకటి పొసగకుండా మోగుతాయి. మనమేమో మళ్లీ మళ్లీ కీలు తిప్పుతూ కూర్చుంటాం.

అసలు దొంగ మొదటి ఫ్రెట్ దగ్గర

గిటార్ నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాదంతా ఎక్కువగా తిరిగేది మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీదే. కానీ అందరూ కొలిచేది పన్నెండో ఫ్రెట్ దగ్గర. నట్ చీలికలు సరిపడా లోతు లేకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ అనవసరంగా ఎత్తులో ఉండిపోతుంది. దాని సంగతి లెక్కేసి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది.

0.012 అంగుళాల సన్న తీగ శ్రుతిలో ఉన్నప్పుడు దాని బిగువు సుమారు పదిన్నర కిలోలు. పన్నెండో ఫ్రెట్ దగ్గర 2 మి.మీ. ఎత్తున్న ఈ తీగను ఫ్రెట్‌కు తాకించడానికి దాదాపు 130 గ్రాముల బరువంత బలం చాలు. 4 మి.మీ. అయితే 260 గ్రాములు. అదే మొదటి ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. ఎత్తుంటే 300 గ్రాములు దాటుతుంది! కారణం సులువే. తీగ మధ్యలో నొక్కితే తేలిగ్గా దిగుతుంది, కట్టిన కొస పక్కనే నొక్కితే మొరాయిస్తుంది. బట్టలారేసే తాడును మధ్యలో ఒకసారి, మేకు పక్కన ఒకసారి నొక్కి చూడండి, తెలుస్తుంది.

ఎఫ్ కార్డ్‌లో చూపుడువేలు ఒక్కటే మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగలను అడ్డంగా నొక్కాలి. ఒక్కో తీగకు 300 గ్రాముల లెక్కన చూసినా రెండు కిలోలకు దగ్గర పడుతుంది. నట్ సరిచేసి ఆ ఎత్తును అర మిల్లీమీటరుకు తెస్తే బలం సగానికి పడిపోతుంది. స్వరం సంగతీ అంతే. మొదటి ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. ఎత్తు చేసే చెరుపు, పన్నెండో ఫ్రెట్ దగ్గర 2 మి.మీ. చేసేదాని కన్నా కొంచెం ఎక్కువే. 'అందరూ ఎఫ్ దగ్గరే ఆగిపోతారు' అనే మాట వెనకాల చాలాసార్లు ఉండేది బద్ధకం కాదు, లోతు చాలని నట్.

ఇంకో నష్టం కూడా ఉంది. ఎత్తైన తీగలకు అలవాటైన చెయ్యి ప్రతిదాన్నీ గట్టిగా పిసకడం నేర్చుకుంటుంది. రేపు మంచి గిటార్ చేతికొచ్చినా అదే బలంతో నొక్కి స్వరాన్ని పైకి నెడుతుంది. వేలు లేపి వేయాల్సిన దూరం పెరిగి వేగమూ తగ్గుతుంది.

మరీ తగ్గిస్తే?

'అయితే తీగలను ఫ్రెట్లకు ఆనించేస్తే పోలా?' అనుకోకండి. మిర్యాలగూడ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు రైస్ మిల్లు తెలియకుండా ఉండదు. వడ్ల పొట్టు తీసే రెండు రబ్బరు రోళ్ల మధ్య ఖాళీ మరీ తగ్గిస్తే బియ్యం విరిగి నూక అవుతుంది. మరీ పెంచితే పొట్టు ఊడని వడ్లు అలాగే దిగుతాయి. మిల్లు ఆపరేటర్ నైపుణ్యమంతా ఆ సందులోనే ఉంటుంది. గిటార్ కూడా అంతే.

తీగ మోగడమంటే అటూ ఇటూ ఊగడం. ఊగడానికి దానికి చోటు కావాలి. ఎత్తు చాలకపోతే ఊగే తీగ ముందున్న ఫ్రెట్లకు తగిలి 'జర్ర్' మంటుంది. అదే బజ్. నాదం గరగరలాడుతుంది, త్వరగా చచ్చిపోతుంది. మెల్లగా మీటితే బాగానే ఉంటుంది కానీ గట్టిగా స్ట్రమ్ చేయగానే బయటపడుతుంది. ఎత్తు కొంచెం ఎక్కువున్న గిటార్ గట్టిగా మీటినా శుభ్రంగా, నిండుగా పలుకుతుంది. వేళ్లతో సున్నితంగా వాయించేవాళ్లు తక్కువ ఎత్తుతో సుఖపడతారు, పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకు కాస్త ఎక్కువ కావాలి. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నవి, మీటే బలమూ తక్కువ చాలు కాబట్టి 1.6 మి.మీ. దగ్గర కూడా హాయిగా నడుస్తుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌లో తీగ ఊగే వెడల్పు ఎక్కువ కాబట్టి సన్న తీగకు 3, లావు తీగకు 4 మి.మీ. మామూలే. దాన్ని స్టీలు తీగల కొలతకు దించితే పాడుచేసుకున్నట్టే.

అసలు నొక్కడమే లేని వాయిద్యాలున్నాయి. 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ మోహన వీణ గిటార్ నుంచి పుట్టిందే. దాని తీగల మీద కడ్డీ జారిస్తారు. అక్కడ తీగలు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే కడ్డీ కిందికి తగులుతుంది. కాబట్టి 'మంచి ఎత్తు' అని ఒకే అంకె లేదు. మీరు వాయించే తీరుకు సరిపోయే ఎత్తు ఉంది.

బొబ్బిలి వీణ చెప్పే పాఠం

ఈ గొడవకు మన దగ్గర పాత జవాబు ఒకటుంది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణలు దేశమంతా పేరున్నవి, జీఐ గుర్తింపు ఉన్నవి. వీణకు 24 మెట్లు. గిటార్‌కు ఫ్రెట్లు ఎలాగో వీణకు మెట్లు అలాగ. తేడా ఏమిటంటే గిటార్ ఫ్రెట్లను లెక్క ప్రకారం గాడి కోసి శాశ్వతంగా దిగ్గొడతారు. వీణ మెట్లను మైనం మీద కూర్చుతారు. ఒక్కో మెట్టునూ తీగ నొక్కి, చెవితో విని, స్వరం కుదిరే చోట నిలబెడతారు.

ఇందులో ఎంత ఇంజినీరింగ్ ఉందో గమనించారా? తీగ నొక్కినప్పుడు సాగి స్వరం పెరగడమన్నది ఆ వినడంలోనే లెక్కలోకి వచ్చేస్తుంది. ఎత్తు ఎంతున్నా దానికి తగ్గ చోటే మెట్టు కూర్చుంటుంది. పైగా గమకం కోసం తీగను పక్కకు లాగాలి కాబట్టి అక్కడ వేలికి చోటు కావాలి, మెట్లు ఎత్తుగా ఉండాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేసింది కూడా ఇలాంటి సవరణే. జంట తీగలుండే పాశ్చాత్య మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆయన వాయిద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నారు. మనమేమో వాయిద్యం ఎలా వస్తే అలా తీసుకుని, కుదరకపోతే మన వేళ్లను తిట్టుకుంటున్నాం.

నేను చేసిన తప్పు

లెక్కలన్నీ తెలిశాయి కదా అని ఒక ఆదివారం రిపేరుకు కూర్చున్నాను. శాడిల్‌ను ఎంత తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అందులో సగమే తగ్గుతుంది, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఆ లెక్కతో శాడిల్ అడుగును ఇసుక కాగితం మీద మూడున్నర మిల్లీమీటర్లు అరగదీశాను. 4 మి.మీ. ఉన్నది రెండుంపావుకు వచ్చింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

ఆ తర్వాత మెడ చూస్తే ముందుకు వంగి ఉంది. మెడ లోపలి ట్రస్ రాడ్ బిగించాను. మెడ నిటారైంది, దాంతో తీగలు ఇంకా దిగాయి. నట్ చీలికలు కూడా సరిచేయించేసరికి సన్న తీగ 1.6 దగ్గర ఆగింది. స్ట్రమ్ చేస్తే గిటారంతా జర్రుమంటోంది! ఖరీదు తక్కువ గిటార్ కాబట్టి ఫ్రెట్లు కూడా అన్నీ ఒకే మట్టంలో లేవు. అరగదీసిన శాడిల్ మళ్లీ పెరగదు కదా. కొన్నాళ్లు దాని కింద సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టి నడిపించి, చివరికి కొత్త శాడిల్ తెచ్చి 2.2 దగ్గర ఆపాం. నేను వేసిన లెక్క తప్పు కాదు, వరుస తప్పు. మొదట మెడ, తర్వాత నట్, చివరన శాడిల్. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ గిటార్‌ను ఇలా పరీక్షించండి

* ముందు ట్యూన్ చేయండి. తీగలు వదులుగా ఉంటే ఏ కొలతా నిజం చెప్పదు. గిటార్‌ను పడుకోబెట్టకుండా, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి.

* మెడ వంపు: సన్న తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద పావు మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. కొలవడానికి బైక్ మెకానిక్ ట్యాపెట్ సెట్టింగ్‌కు వాడే ఫీలర్ గేజ్ చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను ఎలన్ కీతో పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ ట్యూన్ చేసి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు.

* నట్: తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుక మందం ఖాళీ కనిపిస్తే సరిపోయినట్టే. బాగా ఎక్కువుంటే తెలిసినవాళ్లతో చీలిక లోతు చేయించండి. కొంచెం ఎక్కువ కోస్తే నొక్కని తీగ కూడా బజ్ అవుతుంది, కాబట్టి ఇది మొదటిసారే ఇంట్లో చేసే పని కాదు.

* శాడిల్: స్కేలును పన్నెండో ఫ్రెట్ మీద నిలబెట్టి తీగ అడుగు వరకు కొలవండి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేయండి. తగ్గించాల్సిన దానికి రెట్టింపు శాడిల్ అడుగు నుంచి అరగదీయాలి. ఒకేసారి వద్దు. అర మిల్లీమీటరు తీసి, బిగించి, వాయించి చూసి మళ్లీ.

* బజ్ ఎక్కడుందో వినండి. నొక్కని తీగ ఒక్కటే బజ్ అయితే అనుమానం నట్ మీద. మొదటి అయిదు ఫ్రెట్లలోనే అయితే మెడ మరీ నిటారైంది. పై ఫ్రెట్లలో అయితే శాడిల్ మరీ తగ్గింది. ఒకే ఒక్క చోట అయితే ఆ పక్క ఫ్రెట్ ఎత్తుగా లేచి ఉంది.

* చివరగా పన్నెండో ఫ్రెట్ మీద తీగను వేలితో ఊరికే తాకి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ దాదాపు ఒకేచోట చూపించాలి. నొక్కింది బాగా పైకి చూపిస్తే ఎత్తు ఇంకా ఎక్కువే ఉందని, లేదా తీగలు పాతబడ్డాయని అర్థం.

కొత్తగా కొనేవాళ్లకు ఒకటే మాట. రంగు, బొమ్మ చూసే ముందు జేబులోంచి స్కేలు తీయండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇదీ ఒక పనే!

ఈ సర్దుబాటు అంతటినీ కలిపి 'సెటప్' అంటారు. ఫ్రెట్లు మట్టం చేయడం, నట్ కోయడం, ఎలక్ట్రిక్ గిటార్ల వైరింగ్ చూడడం... ఇవన్నీ గిటార్ టెక్నీషియన్ చేసే పనులు. వాయిద్యాన్ని మొత్తంగా తయారుచేసేవాళ్లను లూథియర్ అంటారు. అమెరికాలో ఫీనిక్స్‌లోని రాబర్టో-వెన్ లాంటి స్కూళ్లు 1970ల నుంచి దీన్నే కోర్సుగా చెబుతున్నాయి. మన దగ్గర ఎక్కువగా వర్క్‌షాప్‌లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే విద్యే. మిల్లీమీటరులో పదో వంతు కొలిచే ఓపిక, చెక్కను అర్థం చేసుకునే చెయ్యి, స్వరం పట్టే చెవి... మూడూ ఉంటే ఆసక్తిగా చేసుకోదగిన పని. మెకానికల్ ల్యాబ్‌లో వెర్నియర్ పట్టుకుని 'ఇది ఎందుకు పనికొస్తుంది సార్?' అని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. జవాబు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒకటి మాత్రం నిజం. సెటప్ చేసినంత మాత్రాన సంగీతం రాదు. తమ్ముడికి ఇప్పటికీ వేళ్లు నొప్పెడతాయి. కొత్తలో కొంత నొప్పి ఎవరికైనా తప్పదు. ఫ్రెట్‌కు దూరంగా కాకుండా దాని పక్కనే నొక్కాలని వాడికి రోజూ గుర్తు చేయాల్సిందే. కాకపోతే ఇప్పుడు వాడు పడుతున్న కష్టం నేర్చుకోవడంలో ఉండే కష్టం, వాయిద్యం పెట్టే కష్టం కాదు. ఈ రెంటినీ విడదీసి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే నేర్చుకునేవాళ్లు తమనే అనుమానిస్తారు. నేను అనుమానించుకున్నట్టు.

సెటప్ అయిన మూడో వారం సాయంత్రం వాడు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఒక్కసారి స్ట్రమ్ చేశాడు. ఎఫ్ కార్డ్. ఆరు తీగలూ పలికాయి. "అన్నా, ఇన్నవా?" అన్నాడు. విన్నాను.

మీ ఇంట్లో సజ్జ మీద కూడా ఒక గిటార్ ఉందా? ఈ ఆదివారం దించండి. వాయించక్కర్లేదు. ముందు కొలవండి.